మూడు ఫిల్మ్ డబ్బీలు

రోజుకు రెండు చోట్ల గిన్నెలు కడుగుతాను నేను. "మా ఆమె ఎమ్మెస్సీ చదివుండాది. ఇంట్లో కడిగేది చాల్దని రెండు బస్సులు మారి పోయి ల్యాబ్‌లో కూడా గిన్నెలు కడిగొస్తాది" అని మా ఆయన రాజగోపాల్ చుట్టాలొచ్చినప్పుడల్లా అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే జోక్ కూడా అర్థం కాని మనిషినవుతాను, అదింకో తంటా. నిజానికి అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. ఇంట్లో గిన్నెకు అర నిమిషం పడితే ల్యాబ్‌లో ఒక్కో గిన్నెకు మూడు రోజులు పడుతుంది. ముందు సబ్బునీళ్లు, తర్వాత యాసిడ్‌లో ఉడకబెట్టడం, తర్వాత ఇంకో యాసిడ్, ఆ తర్వాత శుద్ధి చేసిన నీళ్లతో మూడుసార్లు. అంతా చేసి, చేసిన తర్వాత కూడా లోపల ఏదో మిగిలే ఉంటుందని అనుమానపడాలి. జీతమిచ్చేది ఆ అనుమానానికే. నన్ను నేను అనుమానించుకోవడంలో పదేళ్ల కాపురం నాకు మంచి తర్ఫీదే ఇచ్చింది కనుక ఈ ఉద్యోగంలో ఐదేళ్లుగా పేరుపడ్డాను.

మేం చూసేది సముద్రం అడుగు బురద. బంగాళాఖాతంలో ఓడ మీంచి పొడవాటి గొట్టం దించి, అడుగున పేరుకున్న మట్టిని పొరలు చెదరకుండా పైకి తీస్తారు. కొలుచుకుంటూ కిందికి పోయేకొద్దీ పాత మట్టి వస్తుంది. ఆ మట్టి ఏ కొండ మీద పుట్టి ఏ నది వెంట వచ్చిందో చెప్పడం మా ల్యాబ్ పని. స్ట్రాన్షియం అనే లోహం అన్ని రాళ్లలోనూ కొంచెం కొంచెం ఉంటుంది. అందులో బరువులో పిసరంత తేడా ఉన్న పరమాణువులు కలిసి ఉంటాయి, అవి ఏ పాళ్లలో ఉన్నాయో ఒక్కో కొండకు ఒక్కో లెక్క. రాయి పిండైపోయినా, వరదలో వెయ్యి మైళ్లు కొట్టుకొచ్చినా, సముద్రంలో వేల ఏళ్లు నానినా ఆ పాళ్లు దాదాపు అట్లాగే ఉంటాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదంతా మా అత్త సొన్నమ్మకు చెప్పాను. ఆవిడ రాగిపిండి జల్లిస్తూ శ్రద్ధగానే వింది. "మట్టికి ఏ ఊరైతే ఏమే? మెట్టినింటికి వచ్చినంక నీది ఏ ఊరని ఎవురన్నా అడగతారా?" అంది. అడగరు, నిజమే. సారులో, అదే పులుసులో, ఉప్పు ఎక్కువైన రోజు మాత్రం "చింతామణి చెయ్యి కదా" అని మా పుట్టింటి ఊరు గుర్తొస్తుంది ఆవిడకు.

తొంభైతొమ్మిది ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున వెంకటరాయప్ప సార్ నన్ను గదిలోకి పిలిచారు. ఆ ల్యాబ్‌కు ఆయనే పెద్ద. ఆయనదీ మా పక్క ఊరే కనుక ఈ కన్నడ నగరంలో నాతో తెలుగులో మాట్లాడతారు. "రత్నా, కూచోమ్మా" అన్నారు. ఐదేళ్లలో ఆ గదిలో నన్ను కూర్చోమనడం అదే మొదటిసారి, అందుకని నాకు భయమేసింది. నా పూర్తి పేరు మునిరత్నమ్మ అని ఆయనకు తెలుసో లేదో కూడా నాకు తెలీదు.

"నూటాఎనభై శాంపిల్స్ చేసినాం. అన్నీ హిమాలయం మట్టే, చక్కగా వచ్చి ఉండాయి. ఈ మూడే చూడు" అని కాగితం మీద ఎర్రపెన్నుతో చుట్టిన మూడు అంకెలు చూపించారు. గొట్టంలో రెండొందల పన్నెండో సెంటీమీటరు, రెండొందల పద్నాలుగు, రెండొందల పదహారు. మిగతావన్నీ సున్నా పాయింట్ ఏడు మూడు చుట్టూ ఉంటే ఈ మూడూ ఏడు ఒకటి దగ్గరికి జారిపోయాయి.

"కంటామినేషనే. ఇంకేముంటాది? మీ ఆడోళ్లు పసుపని, కుంకుమని ఏమేమో పూసుకోని వస్తారు. తప్పు పట్టడంలేదమ్మా, మన ఇండ్లలో అవన్నీ తప్పవు."

నేను తల ఊపాను. నా తల అంతే, ఎవరేమన్నా ముందు ఊగుతుంది, తర్వాత ఆలోచిస్తుంది.

ఆయన ఇంకో కాగితం నా ముందుకు జరిపారు. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. సాంకేతిక సిబ్బంది అజాగ్రత్త వల్ల ఈ మూడు శాంపిళ్లూ కలుషితమయ్యాయి కనుక లెక్కలోంచి తీసేశాం అని దాని సారం. కింద ఒక ఖాళీ గీత, గీత కింద నా పేరు. ఐదేళ్లలో ఈ ల్యాబ్ నుంచి తొమ్మిది పేపర్లు అచ్చయ్యాయి. ఏ ఒక్కదాంట్లోనూ నా పేరు లేదు. టైపు అక్షరాల్లో నా పేరు అక్కడ మొదటిసారి చూసుకోవడం ఆ కాగితం మీదే. మునిరత్నమ్మ అని పూర్తిగా ఉంది, ఒక్క అక్షరం తప్పు లేకుండా.

"సుమ్నె, ఊరికే ఒక సంతకం. ఫైల్లో ఉంటాది, ఎవురూ చూడరు. వచ్చే సోమవారం పేపర్ పోవాల. మళ్లా చేస్తామంటే టైము లేదు. మార్చిలో నీ కాంట్రాక్ట్ రెన్యూవల్ కూడా ఉండాది కదా, నేనే కదమ్మా రాయాల్సింది" అని నవ్వారు. బెదిరింపు కాదది. ఆయన నిజంగా నాకు మేలు చేస్తున్నాననే అనుకుంటున్నారు.

పెన్ను తీశాను కూడా. గీత దగ్గర పెట్టాను. ఇక సంతకమే తరువాయి. "రేపిస్తాను సార్" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని ఆయనకంటే నాకే ఎక్కువ ఆశ్చర్యం. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని బయటికొచ్చాను.

మెజెస్టిక్ బస్టాండులో బస్సు మారి, మా ఇల్లున్న మడివాళ చేరేదాకా ఒకటే ఆలోచన. తప్పు నాదేనా? నాదే అయ్యుంటుంది. ఇంట్లో ఏ తప్పు జరిగినా మొదట నా దగ్గరికే వస్తుంది, దానికి దారి తెలుసు. గ్యాస్ సమయానికి రాకపోతే బుక్ చెయ్యడం మరిచింది నేను. బుక్ చేసిన చీటీ చూపిస్తే, గట్టిగా అడగనిది నేను. మా పాప వర్షిణికి లెక్కల్లో మార్కులు తగ్గితే "అమ్మ ఇంట్లో ఉంటే కదా" అంటారు. వాన పడి ఆరేసిన బట్టలు తడిస్తే వానను ఎవరూ ఏమీ అనరు. రాజగోపాల్ చెడ్డవాడు కాదు, కొట్టడు, తాగడు. బొమ్మసంద్ర ఫ్యాక్టరీ నుంచి కంపెనీ బస్సులో వచ్చి, కాళ్లు కడుక్కుని, టీవీ ముందు కూర్చుని, అత్త నా మీద చెప్పే ఫిర్యాదులు ఒక చెవితో విని ఒకే మాట అంటాడు. "ఒక్క సారీ అనేస్తే అయిపోతాది కదా." నేను అనేస్తాను. అయిపోతుంది. పదేళ్లలో ఎన్నిసార్లు అన్నానో, వాటిలో ఎన్ని నిజంగా నా తప్పులో నాకు తెలీదు. తెలుసుకోవాలన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు. అనడం తేలిక, పైగా అన్న తర్వాత అందరూ హాయిగా భోంచేస్తారు.

ఆ రోజు ఇంట్లో అడుగు పెట్టేసరికి వర్షిణి పరుగెత్తుకొస్తూ కుర్చీకి తగులుకుంది. మోకాలు పట్టుకుని, కుర్చీ వైపు తిరిగి "సారీ" అంది. దానికి ఏడేళ్లు. కుర్చీకి సారీ చెప్తోంది నా కూతురు. మోకాలికి కొబ్బరినూనె రాశాను.

సంతకం సంగతి రాజగోపాల్‌కు చెప్పాను. టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే "పెట్టేయ్. పోయేదేముంది నీకు? పేపర్ ఆయనది, మట్టి సముద్రానిది" అన్నాడు.

"కానీ నేను చెయ్యకపోయి ఉంటే?"

"చేసి ఉంటే?"

కాగితం సంచిలోనే ఉంచి వంటింట్లోకి వెళ్లాను.

మర్నాడు పొద్దున ఆరింటికి వాకిట్లో ముగ్గు వేసి లోపలికి వచ్చాను. అత్త దేవుడి గూడు ముందు కూర్చుని అటూ ఇటూ వెతుకుతోంది. "నా ముగ్గుపిండి డబ్బీ యాడ పెట్టినావే? గూడు ముందర చిన్న ముగ్గు వేసేదానికి పెట్టుకోనుంటి. దీపావళి అయిపోయినప్పట్నించి కనపడ్లేదు. ఆ నల్లది, మావాడు ఫోటోల రీలు తెచ్చిండే, ఆ డబ్బీ."

చేతిలో ఉన్న ముగ్గు గిన్నె నేల మీద పెట్టేశాను. అదే చోట నేనూ కూర్చుండిపోయాను.

అన్నీ గుర్తొచ్చాయి. నవంబరులో ల్యాబ్‌లో శాంపిల్ డబ్బీలు అయిపోయాయి. తెప్పించమని మూడుసార్లు కాగితం పెట్టాను, సార్ సంతకం చెయ్యలేదు, ఊళ్లో లేరు. వచ్చిన తర్వాత గుర్తు చేస్తే "ఇంట్లో చిన్న డబ్బీలేమైనా ఉంటే తెచ్చుకోమ్మా, స్వల్ప అడ్జస్ట్ చేసుకో" అన్నారు. ఇంట్లోంచి ఏదైనా తీసుకెళ్లడం ఆడవాళ్లకు ఎంతసేపు? మసిగుడ్డలు, రబ్బరు బ్యాండ్లు, జాడీ మూతలు, అన్నీ అంతకుముందే ఇంటినుంచి ల్యాబ్‌కు చేరాయి. మా ఆడబిడ్డ భాగీరథమ్మ కొడుకు పుట్టువెంట్రుకల ఫోటోలు తీసినప్పటి ఫిల్మ్ డబ్బీలు మూడు, నల్లవి, బూడిదరంగు మూతలవి, అల్మారాలో కనిపిస్తే కడిగి తీసుకుపోయాను. యాసిడ్‌లో వేసి మూడు రోజులు ఉంచాల్సింది. సార్ తొందర పెట్టారని సబ్బుతో కడిగి సరిపెట్టాను. అప్పుడే నూరి సిద్ధం చేసిన మూడు మట్టి శాంపిళ్లు వాటిలో పోశాను. రెండొందల పన్నెండు, పద్నాలుగు, పదహారు.

వాటిలో ఒకదాంట్లో అడుగున ముగ్గుపిండి ఉంటే, కడిగే ముందు నేనే దులిపి పారేశాను. ముగ్గుపిండి అంటే సున్నపురాయి పొడి, దాన్నిండా స్ట్రాన్షియం.

అయితే నేనే. ఆ క్షణంలో నాకు కలిగింది దుఃఖం కాదు, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ ఒక రకమైన ఊరట. తప్పు నాదే అని తేలిపోతే ఇక ఆలోచించే పని లేదు, సంతకం పెట్టి వంటింట్లోకి వెళ్లొచ్చు. "ఏమే, అట్ల కూచుండావు? డబ్బీ యాడ?" అని అత్త మళ్లీ అడిగింది. "నేనే ల్యాబ్‌కు తీసుకుపోయినానత్తా, సారీ" అన్నాను. "అదే అనుకుంటి" అంది ఆవిడ.

ల్యాబ్‌కు వెళ్లగానే అరలోంచి మూడు డబ్బీలూ తీసి కిటికీ వెలుగులో పెట్టి చూశాను. ఆ మూతల లోపలి అంచున సన్నటి గాడి ఉంటుంది. రెండింటి గాడులు శుభ్రంగా ఉన్నాయి. మూడోదాంట్లో, రెండొందల పదహారు అని నేనే చీటీ అంటించినదాంట్లో, గాడి చుట్టూ తెల్లగా గట్టిపడిన ముగ్గు. గుండుసూదితో గీకితే రాలింది.

అప్పుడు మొదలైంది అసలు గందరగోళం. పదహారు సంగతి తెలిసిపోయింది. మరి పన్నెండు, పద్నాలుగు? వాటి మూతలు శుభ్రంగానే ఉన్నాయి, అయినా అంకెలు జారాయి. అత్త ఎప్పుడైనా పిండిని ఒక డబ్బీలోంచి ఇంకోదాంట్లోకి మార్చిందేమో. నా చేతులకుందేమో. నా చీర కుచ్చిళ్లలోంచి రాలిందేమో. ఒకటి నాదైనప్పుడు మూడూ నావే అయ్యుంటాయని మనసు అంటోంది. అట్లా ఎందుకనుకోవాలి అని ఎవరో అడుగుతున్నారు, ఆ అడిగేది కూడా నేనే. తలనొప్పి వచ్చేసింది. సార్ తలుపు దగ్గర కనిపించి "తెచ్చినావా అమ్మా?" అన్నారు. "శుక్రవారం ఇస్తాను సార్" అన్నాను. నేను వాయిదా వేయడం ఆయనకు కొత్త, నాకు ఇంకా కొత్త.

ఆ మధ్యాహ్నం డబ్బా తెరిచి అన్నం కలుపుకుంటుంటే తోచింది. మట్టిలోంచి స్ట్రాన్షియం వేరు చేశాక మిగిలిన ద్రవాన్ని అందరూ పారబోస్తారు. నేను పారబోయను. మిగిలిన సారు గిన్నె మార్చి మూతపెట్టినట్టే, దాన్ని కూడా ఎండబెట్టి చిన్న గిన్నెల్లో మూతపెట్టి, అంకె రాసి దాస్తాను. అందులో నియోడిమియం అని ఇంకో లోహం ఉంటుంది. దాని పాళ్లు కూడా ఒక్కో కొండకు ఒక్కో విధం. ఆ కొలతలు తర్వాతి పేపర్‌కు చూద్దామని సార్ పక్కన పెట్టేశారు. ముగ్గుపిండిలో స్ట్రాన్షియం దండిగా ఉంటుంది కానీ నియోడిమియం ఉందా అంటే ఉంది అన్నట్టు ఉంటుంది. అంటే ముగ్గు పడి చెడింది స్ట్రాన్షియం అంకె ఒక్కటే, నియోడిమియం మాత్రం ఎక్కడి మట్టో నిజమే చెబుతుంది. మట్టి నిజంగానే వేరే కొండదైతే రెండు అంకెలూ మారి ఉండాలి. చేతికి అంటిన అన్నం ఎండిపోయేదాకా అట్లాగే కూర్చున్నాను. ఇంత మామూలు సంగతి నూటాఎనభై గిన్నెలు కడిగిన నాకే తోచాలా అని కాస్త కోపం కూడా వచ్చింది.

బుధవారం నుంచి శనివారం దాకా మిగతా పనుల మధ్య ఆ మూడు గిన్నెల్లోంచీ నియోడిమియం వేరు చేశాను. శుక్రవారం సార్ అడిగితే "సోమవారం పొద్దున్నే సార్, ఖాయంగా" అన్నాను. ఆయన ముఖం చిట్లించారు. ఇక కావలసింది పరమాణువుల్ని తూచే ఆ పెద్ద యంత్రం. అది మిషన్ నారాయణప్ప అధీనంలో ఉంటుంది. ఇరవై ఏళ్లుగా దాన్ని కనిపెట్టుకుని ఉన్న మనిషి, ఆదివారం కూడా వచ్చి దానికి చల్లటి నైట్రోజన్ పోసి పోతాడు.

"సార్‌కి చెప్పినావా?" అన్నాడు.

"లేదన్నా."

"అట్లయితే నాకూ చెప్పలేదనుకో. ఆదివారం నేను మిషన్ చెక్ చేస్తా ఉంటాను. నువ్వు నీ గిన్నెలు కడుగుతా ఉంటావు. అంతే కదమ్మా?"

ఆ ఆదివారమే భాగీరథమ్మ వదిన కుటుంబంతో భోజనానికి వస్తోంది. అనపకాయల సీజన్ అయిపోతోందని, పితికిపప్పు సారు తిని పోవాలని ఆమె కోరిక. పితికిపప్పు అంటే అనపగింజలు నానబెట్టి, ఒక్కో గింజనూ రెండువేళ్ల మధ్య పితికి, తోలు ఊడదీయాలి. పదిమందికి సరిపడా అంటే రెండు మూడు వేల గింజలు. శనివారం సాయంత్రమంతా నేను పితుకుతూనే ఉన్నాను. అత్తకు వేళ్ల నొప్పులు, ఆయనకు క్రికెట్. ఆదివారం పొద్దున ఏడింటికల్లా సారు పొయ్యి మీంచి దించాను, పల్యం కూర చేశాను, అప్పడాలు వేయించి డబ్బాలో పెట్టాను, చీర మార్చుకుని చెప్పులేసుకున్నాను.

"యాడికే?" అంది అత్త.

"ల్యాబ్‌కి. సాయంత్రం వస్తానత్తా. అన్నం ఒకటి పెట్టుకోండి. వడ్డించుకోండి."

"ఆదివారం ఏం ల్యాబ్? చుట్టాలొస్తా ఉంటే ఇంటి కోడలు పోతాదా?" రాజగోపాల్ పేపరు దించి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఏమంటారు వాళ్లు?"

"తెలీదండీ. నాకు తెలీనిది ఇంకోటి ఉండాది, దాన్ని చూసుకోనొస్తా."

ఏం మాట అది? నాకే అర్థం కాలేదు. బస్సులో కూర్చున్నాక వెనక్కి వెళ్లిపోదామని రెండుసార్లు అనుకున్నాను. మూడు అంకెల కోసం ఇంటికొచ్చిన ఆడబిడ్డను వదిలి పోయే ఆడది ఎక్కడైనా ఉంటుందా అని నన్ను నేనే తిట్టుకున్నాను. మెజెస్టిక్‌లో దిగాక కాళ్లు మాత్రం యశ్వంతపురం బస్సు వైపే నడిచాయి.

యంత్రం ఒక్కో శాంపిల్‌కు గంటకు పైనే తీసుకుంటుంది. నారాయణప్ప స్టూల్ మీద కూర్చుని అంకెలు చదువుతుంటే నేను పుస్తకంలో రాశాను. హిమాలయం మట్టికి నియోడిమియం లెక్క మైనస్ పదహారు దగ్గర ఉంటుంది. నల్లరేగడి నేలల మట్టికి, అంటే కృష్ణా గోదావరులు పడమటి నల్లరాతి కొండల మీంచి మోసుకొచ్చేదానికి, అంతకంటే చాలా పైన ఉంటుంది.

రెండొందల పన్నెండు, మైనస్ తొమ్మిది. నేను రాశాను.

రెండొందల పద్నాలుగు, మైనస్ ఎనిమిది పాయింట్ ఏడు.

"ఇది మన పక్క మట్టి కదమ్మా!" అన్నాడు నారాయణప్ప.

రెండొందల పదహారు తేలేసరికి మధ్యాహ్నం రెండున్నర. మైనస్ పదహారు పాయింట్ ఒకటి. అది హిమాలయం మట్టే. దాని స్ట్రాన్షియం చెడగొట్టింది మా అత్త ముగ్గు, ఆ ముగ్గు పడేట్టు చేసింది నేను.

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఎప్పుడో వేల ఏళ్ల కిందట, కొంతకాలంపాటు, ఆ చోటికి గంగ మట్టికి బదులు మన నదుల నల్లమట్టి వచ్చి పడింది. ఎందుకొచ్చిందో తెలీదు, వాన దారి మారిందో నది దారి మారిందో, అది సార్ లాంటివాళ్లు తేల్చాలి. కానీ వచ్చింది. నేను ఏమీ చెడగొట్టలేదు, ఉన్నదే చూశాను. పక్కనే ఒకటి మాత్రం చెడగొట్టాను. నాకు ఇంతకాలం రెండే తెలుసు, అంతా నా తప్పు అనుకోవడం, లేదా ఎప్పుడైనా మొండికేసి ఏదీ నా తప్పు కాదని బాత్రూంలో కుళాయి తిప్పి ఏడవడం. ఇంతవరకు నాది, ఇక్కడినుంచి నాది కాదు అని గీత గీసి చూపించిన మనిషి నాకు పుట్టినప్పట్నుంచీ తగల్లేదు. ఆ పని ఒక యంత్రం చేసింది. నారాయణప్ప తన ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చాడు. ఆదివారం భోజనం వేళ ఎవరో వడ్డించగా నేను కూర్చుని తాగాను, అది కూడా వింతగానే ఉంది.

సోమవారం పొద్దున సార్ టైపు చేయించిన కాగితం మీద ఆయన వాక్యాన్ని ఒక్క గీతతో కొట్టేశాను, చదవడానికి వీలుగానే. కింద చేత్తో రాశాను. రెండొందల పదహారు చెడింది, డబ్బీ మూతలోని ముగ్గుపిండి వల్ల, సరిగా కడగనిది నేను. పన్నెండు, పద్నాలుగు చెడలేదు, అవి తీసెయ్యడానికి వీల్లేదు. కొలతలు జతచేశాను. మునిరత్నమ్మ.

సార్ చదివారు. మళ్లీ చదివారు. అంకెల కాగితం తిప్పి తిప్పి చూశారు.

"నేను అడిగింది ఇది కాదు కదమ్మా."

"తెలుసు సార్."

"ఇవి నిజమైతే పేపర్ మొత్తం తిరగరాయాల. అన్నీ హిమాలయాలే అని మొదటి లైన్లోనే రాసుండాను."

"అవును సార్."

"అసలు ఇంటినించి డబ్బీలు ఎందుకు తెచ్చినావు నువ్వు?" ఆయన గొంతు మొదటిసారి పెరిగింది.

"తెచ్చుకోమన్నది మీరు సార్. కడగడంలో తొందరపడింది నేను. రెండోదానికి సారీ సార్."

ఆయన కాగితాలు సొరుగులో పెట్టారు, చించలేదు, ఒప్పుకోలేదు కూడా. "సరే, పో, చూస్తాను" అన్నారు. మార్చి సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకుండానే వెళ్లి ఆ రోజు గిన్నెలు యాసిడ్‌లో వేశాను.

సాయంత్రం ఇల్లు చేరేసరికి అత్త వాకిట్లోనే ఉంది. నిన్నటినుంచి దాచుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. "సారులో ఒకటే ఉప్పు. అన్నం ముద్దైపాయ. అల్లుడు సరిగ్గా తినలేదు. భాగీరథమ్మకు తలనొప్పి వచ్చి సాయంత్రం దాకా పడుకునేసింది. పాపకు రాత్రి నించి దగ్గు. నా ముగ్గు డబ్బీ పాయ. ఇంట్లో ఆడది ఉండాల్సిన దినం ఉండకపోతే ఇట్లే అయ్యేది."

లోపల టీవీ గొంతు తగ్గింది. వర్షిణి గడప మీద కూర్చుని నా ముఖం చూస్తోంది. చెప్పులు విప్పి, సంచి గోడకు ఆనించి నిలబడ్డాను. నాలుక చివర ఆ మాట సిద్ధంగానే ఉంది, పదేళ్ల అలవాటు. దాన్ని కాసేపు ఆపి, అత్త చెప్పినవన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను.

"ఉప్పు నేనే అత్తా, రుచి చూడకుండా పోయినాను. డబ్బీ కూడా నేనే, కొత్తది తెచ్చిస్తాను. అన్నం నేను వండలేదు. మీ అల్లుడు ఎందుకు తినలేదో, ఉప్పుకో అన్నానికో, నాకు తెలీదు. వదిన తలనొప్పి నాది కాదు. పాప దగ్గు చూస్తాను, దేనివల్లో చూసి చెప్తాను."

నేను ఎదురు తిరిగి ఉంటే అత్తకు ఏం చెయ్యాలో తెలుసు. ఏడ్చి ఉన్నా తెలుసు. ఇది ఏమిటో ఆవిడకు అర్థం కాలేదు. ఆ మాటకొస్తే నాకు మాత్రం పూర్తిగా అర్థమైందా?

రాజగోపాల్ తలుపు దగ్గరికి వచ్చాడు. అలిసిన గొంతుతో, ఎప్పటిలాగే మంచిగానే అన్నాడు. "ఎందుకింత లెక్క? ఒక్క సారీ అనేస్తే అయిపోతాది కదా రత్నా."

"చెప్తానండీ" అన్నాను. "ఏది నాదో తేలినాక, దానికి చెప్తాను."